ఫ్రాన్సిస్ అసీసీ చర్చిలో ఒక గంట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గోవా ప్రయాణాల మీద వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం బామ్ జీసస్ బసిలికా గురించే. ఈసారి దాన్ని పక్కన పెట్టి, రోడ్డుకి అవతలి వైపు సే కెథడ్రల్‌ని ఆనుకుని ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ అసీసీ చర్చి మీద వచ్చిన ప్రశ్నలు తీసుకున్నాం. అసీసీ ఊరి ఫ్రాన్సిస్ అనే పునీతుడు స్థాపించిన ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠానికి చెందిన చర్చి ఇది. మఠం గదుల్లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది.

ప్రశ్న: టూర్ వాళ్ళు పాత గోవాకి మొత్తం గంటన్నర ఇస్తున్నారు. ఆ కాస్త సమయంలో నాలుగు చర్చిలు చుట్టేయాలా, ఒక్కదాంట్లో కూర్చోవాలా? కూర్చుంటే ఎందులో? అక్కడ ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

ఒక్కదాంట్లో కూర్చోండి. బామ్ జీసస్‌కి అరగంట ఇచ్చి, మిగతా గంటా ఫ్రాన్సిస్ అసీసీ చర్చికి ఉంచుకోండి. బామ్ జీసస్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న చోట వరస కదులుతూనే ఉంటుంది, స్థిమితంగా నిలబడటం కుదరదు. ఇక్కడ జనం పలచగా ఉంటారు. వచ్చినవాళ్ళు కూడా ఫోనులో నాలుగు ఫొటోలు తీసుకుని అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతారు. అయిదు నిమిషాల్లో ఈ చర్చి కంటికి ఆనదు. అది ఎందుకో చెబుతాం.

ముందు బయట గుమ్మం దగ్గర ఆగండి. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఎనిమిది మంది 1517లో గోవా వచ్చారు. మొదట చిన్న ప్రార్థనాలయం, ఆ తర్వాత ఒక చర్చి కట్టుకున్నారు. దాన్ని పడగొట్టి 1661లో ఇప్పుడున్న చర్చి కట్టారు. పడగొట్టేటప్పుడు పాత సింహద్వారాన్ని మాత్రం తీయలేదు. అందుకే తెల్లటి సున్నపు గోడ నడుమ ముదురు రంగు రాతి గుమ్మం ఎక్కడి నుంచో తెచ్చి నిలబెట్టినట్టు కనబడుతుంది. పైన మూడు రేకుల తోరణం, పక్కల నావికులు వాడే గోళాల బొమ్మలు ఉంటాయి. సముద్ర వ్యాపారం మీద పోర్చుగల్ వెలిగిన రోజుల్లోని మాన్యువలీన్ శైలి ఇది. మిగతా ముఖభాగమంతా టస్కన్ పద్ధతి, అంటే అలంకారం లేని సాదా స్తంభాల తీరు. రెంటికీ పొత్తు కుదరలేదు, కుదరకపోవడమే దాని అందం.

చలవ కళ్ళద్దాలు పెట్టుకుని ఉంటే లోపలికి వెళ్ళే దాకా ఉంచుకోండి, గుమ్మం దాటాక తీయండి. ఎండలోంచి నీడలోకి వచ్చిన కంటికి మొదటి సర్దుబాటు క్షణాల్లో జరిగిపోతుంది. అసలు సర్దుబాటుకి మాత్రం 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. పూర్తి మసకలో కన్ను బాగా పనిచేయాలంటే 20 నిమిషాలు దాటాలి. అయిదు నిమిషాల్లో బయటకు వెళ్ళినవాళ్ళకి బంగారు పూత ఒక్కటే గుర్తుంటుంది. బలిపీఠానికి అటూ ఇటూ చెక్కల మీద వేసిన ఫ్రాన్సిస్ జీవిత చిత్రాలు, పక్క గదుల అడ్డుగోడల మీద చిత్రించిన పూలతీగలు వాళ్ళ కంటబడవు.

కళ్ళు తేరుకునే లోపు చెవులకి పని చెప్పండి. గుమ్మం దాటగానే మీ తల మీద ఉండేది చర్చి అసలు కప్పు కాదు. సన్యాసులు నిలబడి పాడేందుకు కట్టిన మేడ అడుగుభాగం అది. తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ మీ మాట ఇంట్లో మాట్లాడినట్టే వినిపిస్తుంది. మెల్లగా మాట్లాడుతూ నాలుగడుగులు ముందుకు వేయండి. మేడ అంచు దాటగానే మాట పైకి లేచిపోతుంది, తిరిగి రావడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ అంచు దగ్గర ఒకటికి రెండుసార్లు ముందుకూ వెనక్కీ నడవండి. కప్పు ఎక్కడ లేచిందో తలెత్తకుండానే తెలిసిపోతుంది.

ఆ తర్వాత నడిమి భాగంలో, బలిపీఠానికి గుమ్మానికి మధ్యలో ఒక బల్ల మీద కూర్చోండి. ఎదురుగా సిలువ మీది క్రీస్తు, ఫ్రాన్సిస్ ఇద్దరూ నిలువెత్తు విగ్రహాలుగా కనబడతారు. వాళ్ళ కింద పేదరికం, వినయం, విధేయత అనే వ్రతాలు చెక్కి ఉన్నాయి. ఆ మాట చుట్టూ ఉన్నదంతా బంగారు పూత. పేదరికాన్ని వ్రతంగా పట్టిన సంఘం చర్చిలో ఈ ఎదురుబొదురు చూసి ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు.

వేళ విషయానికొస్తే, ఈ చర్చి పడమటి ముఖం. పొద్దున వెళితే వెలుగు మెత్తగా, పక్కల నుంచి వస్తుంది. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు దాటాక పడమటి ఎండ గుమ్మంలోంచీ పై కిటికీల్లోంచీ ఏటవాలుగా పొడుగునా పడుతుంది. ఒక్కటే ఎంచుకోవాలంటే సాయంత్రమే. కాకపోతే మూసే వేళ ముందే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మకి డెబ్భై దాటాయి, గ్లకోమాతో చూపు దాదాపు పోయింది. తనకి చర్చి అంటే ప్రాణం. తీసుకెళ్ళాలని ఉంది కానీ 'నాకేం కనబడుతుందే' అంటుంది. తీసుకెళ్ళి ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

తప్పకుండా తీసుకెళ్ళండి. ఈ చర్చి నిర్మాణమే ఆవిడకి సాయపడుతుంది.

మొదట నడిపించే పద్ధతి. మీరు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగకండి. మీ మోచేతికి కాస్త పైన ఆవిడ చేత పట్టించి, మీరు అర అడుగు ముందు నడవండి. మీ ఒంటి కదలికని బట్టి మెట్టు ఎక్కుతున్నదీ దిగుతున్నదీ ఆవిడకి ముందే తెలుస్తుంది. అయినా మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి 'పైకి' అనో 'కిందికి' అనో చెప్పండి. వట్టి 'మెట్టు' అంటే ఎటో తెలియక తడబడతారు. గ్లకోమా ఉన్నవాళ్ళకి ఎండలోంచి నీడలోకి వచ్చిన క్షణం మరీ ఇబ్బంది. గుమ్మం లోపల రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబెట్టండి.

ఇక లోపల. ఈ చర్చిలో పక్క నడవలు లేవు. పొడుగాటి ఒకే ఒక నడిమి శాల, దానికి అటు మూడు ఇటు మూడు చిన్న పూజా గదులు. గదికీ గదికీ మధ్య మందపాటి అడ్డుగోడ. పై మేడ బరువు మోసేవి ఆ గోడలే. గోడకి ఒక చేతి దూరంలో, దాన్ని తాకకుండా, బలిపీఠం వైపు మెల్లగా నడిపించండి. నడుస్తూ మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండండి. అడ్డుగోడ పక్కకి రాగానే మాట వెంటనే, గట్టిగా చెవికి తగులుతుంది. గది నోరు ఎదురవగానే ఆ గట్టిదనం పోయి మాట లోతుకి జారినట్టు అవుతుంది. గోడ, ఖాళీ, గోడ, ఖాళీ... మూడుసార్లు. చూపు తగ్గినవాళ్ళు ఈ తేడాని మనకన్నా ముందు పట్టేస్తారు. ఎన్ని గదులు దాటామో ఆవిణ్ణే చెప్పమనండి.

కాళ్ళకీ పని ఉంది. నేలంతా సమాధి పలకలు. పోర్చుగీసు కుటుంబాల వంశచిహ్నాలు, అక్షరాలు చెక్కిన రాళ్ళు అవి. మూడు వందల ఏళ్ళ నడకకి కొన్ని నున్నగా అరిగిపోయాయి, గోడవారగా ఉన్నవాటి మీద చెక్కడం ఇంకా తెలుస్తుంది. మందపాటి స్పోర్ట్సు బూట్లతో ఏమీ తెలియదు. పలచటి అడుగున్న చెప్పులు వేయించండి. పలక అంచులు కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి కాలు ఈడుస్తూ కాక ఎత్తి వేయమనండి.

చేత్తో తాకాలని ఆవిడకి తప్పక అనిపిస్తుంది. లోపలి చెక్కడాలు, చిత్రాలు, పూత పెట్టిన చెక్క వేటినీ తాకనివ్వకండి, కారణం కింద మరో జవాబులో ఉంది. దానికి బదులు ఎర్రరాయి ఎలా ఉంటుందో పాత గోవాలో దారి పక్క మామూలు ప్రహరీ గోడ మీద చెయ్యి పెట్టించండి. చిన్న చిన్న రంధ్రాలతో, గరుగ్గా, పుట్టమన్ను గట్టిపడినట్టు ఉంటుంది. చర్చి గోడ కడుపులో ఉన్నది ఇదే రాయని చెప్పండి. చెప్పి లోపలికి తీసుకెళ్తే ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తోందో ఆవిడకే అర్థమవుతుంది. అంత మందం గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది, మధ్యాహ్నం రెండింటికి కూడా లోపల రాత్రి చల్లదనం మిగిలే ఉంటుంది.

కూర్చున్నాక ఏం కనబడుతోందో మీరు గుక్క తిప్పుకోకుండా వర్ణించకండి. ఒక బొమ్మ, ఒక వాక్యం. తర్వాత ఊరుకోండి. అడిగితే చెప్పండి.

ప్రశ్న: చర్చిలో సాంబ్రాణి వాసన వస్తుందనుకుంటే, ఏదో తడి సున్నం, పాత బీరువా కలిపిన వాసన వచ్చింది. అది దేని వాసన?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

మీ ముక్కు సరిగ్గానే పనిచేసింది. సున్నం పూత, చెమ్మ పీల్చిన ఎర్రరాయి, పాత చెక్క, ఈ మూడూ కలిసిన వాసన అది. వానాకాలంలో ఎక్కువ, మార్చి, ఏప్రిల్‌లో తక్కువ. ధూపం చర్చిల్లో రోజూ వేసేది కాదు. పెద్ద పూజలప్పుడు, పండగలప్పుడు గొలుసుల ధూపపాత్రలో నిప్పుల మీద ధూపపు బంక చల్లి ఊపుతారు. ఆ వాసన కావాలంటే పక్కనే సే కెథడ్రల్‌లో పండగ పూజ ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి.

ఒక చిట్కా. ఏ వాసనకైనా ముక్కు రెండు మూడు నిమిషాల్లో అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. కాబట్టి లోపలికి వేసే మొదటి మూడు శ్వాసలే లెక్క. బయటకు వచ్చి అయిదు నిమిషాలు గాలి పీల్చి మళ్ళీ వెళితే మళ్ళీ తెలుస్తుంది. జడలో మల్లెపూలూ ఒంటి మీద సెంటూ ఉన్న రోజు ఇవేవీ తెలియవు. మల్లెపూలు సాయంత్రం పణజీలో పెట్టుకోండి.

ప్రశ్న: మా ఊరి చర్చిలో చెప్పులు బయట విడిచి వెళతాం. అక్కడా విప్పాలా? బట్టల సంగతేమిటి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

విప్పనక్కర్లేదు. గోవా చర్చిల్లో చెప్పులతోనే వెళతారు. మగవాళ్ళు టోపీ తీయాలి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. బీచ్ నుంచి నిక్కర్లతో సూటిగా వస్తే గుమ్మం దగ్గరే ఆపేసే చోట్లు ఉన్నాయి. సంచిలో ఒక పలచటి దుప్పటి గానీ చున్నీ గానీ పడేసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: మా తాతల నాటి ఇల్లు ఎర్రరాతిదే. గోడ పొడిగా రాలుతోందని సిమెంటు పూయిస్తే రెండు వానాకాలాలకే పెచ్చులుగా ఊడింది, లోపల రాయి ఇంకా పాడైంది. గోవాలో అంత వానలో ఆ చర్చి గోడలు మూడున్నర శతాబ్దాలు ఎలా నిలిచాయి?
– ఒక పాఠకుడు, జహీరాబాద్

మీ ప్రాంతంలో దొరికేదీ గోవాలో దొరికేదీ ఒకే జాతి రాయి, లాటరైట్. భూమిలోంచి తీసినప్పుడు గొడ్డలితో చెక్కగలిగేంత మెత్తగా ఉంటుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. ఒంటినిండా రంధ్రాలు కాబట్టి నీళ్ళు తాగుతుంది. గోవాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అందుకే అక్కడివాళ్ళు రాయిని కట్టి వదిలేయలేదు, పైన సున్నంతో గచ్చు చేశారు. గవ్వలు, ఆలుచిప్పలు కాల్చి చేసిన సున్నం ఆ తీరంలో బాగా వాడకం.

సున్నపు పూత నీటిని పూర్తిగా ఆపదు. కొంచెం తడుస్తుంది, వాన వెలిశాక ఆ తడిని ఆవిరిగా వదిలేస్తుంది. ఏళ్ళ తరబడి దెబ్బతినేది పూతే, రాయి కాదు. పూత పోతే మళ్ళీ పూస్తారు. సిమెంటు దీనికి తిరగబడి పనిచేస్తుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మా, కప్పు నుంచి దిగిన చెమ్మా సిమెంటు వెనక చిక్కుకుంటాయి. నీరు ఎక్కడో ఓ చోట ఆరాలి కదా, రాయిలోనే ఆరుతుంది. ఆరేటప్పుడు దానిలో కరిగిన లవణాలు రాతి రంధ్రాల్లో స్ఫటికాలై ఉబ్బి రాయిని లోపల నుంచి పిండి చేస్తాయి. మీ ఇంట్లో జరిగింది ఇదే. పైగా సిమెంటు బిగువుగా ఉంటుంది, మెత్తటి రాయి వేడికి కదిలినప్పుడు అది కదలదు, పగిలి ఊడుతుంది.

మీ గోడకి చేయాల్సింది చెబుతాం. సిమెంటు పెచ్చులన్నీ చేతి ఉలితో తీసేయండి, యంత్రంతో కొట్టిస్తే రాయి కూడా లేచిపోతుంది. బయటపడిన తెల్లటి లవణపు పొడిని పొడి బ్రష్‌తో దులపండి. నీళ్ళతో కడగకండి, కడిగితే లవణం మళ్ళీ లోపలికి పోతుంది. కప్పు కారుతుంటే, గోడ మొదట్లో నీళ్ళు నిలుస్తుంటే ముందు అవి ఆపండి. లేకపోతే ఏం పూసినా దండగ. గోడని ఒక ఎండాకాలమంతా ఆరనివ్వండి. ఆ తర్వాత బాగా మాగిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్ళు కలిపి డంగు పట్టించండి. మన దగ్గర పాత మేస్త్రీలు ఇందులో కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలిపేవాళ్ళు. గోడని తడిపి, మొదటి పూత 10 నుంచి 12 మిల్లీమీటర్లకి మించకుండా వేయించండి. ఎక్కువ మందం ఒకేసారి వేస్తే బీటలిస్తుంది. తడి గోనెలు కప్పి కనీసం వారం రోజులు చెమ్మ ఉండేలా చూడండి. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని, అదీ చాలా నెమ్మదిగా. ఎర్రటెండలో పూయిస్తే గట్టిపడే లోపే ఎండిపోయి పొడవుతుంది, వానలో పూయిస్తే జారిపోతుంది. దసరా దాటాక, చలి ముదరక ముందు మంచి అదను. పై పూత రెండు మూడు మిల్లీమీటర్లు చాలు, దాని మీద వెల్ల. ప్లాస్టిక్ పెయింటు మాత్రం వేయకండి, సిమెంటు చేసిన పనే అదీ చేస్తుంది.

పాత గోవాలో ఈ సంగతి పక్కపక్కనే చూడొచ్చు. బామ్ జీసస్ బయటి పూతని 1950లలో తీసేసి రాయిని బయటపెట్టారు. ఎర్రగా, గంభీరంగా ఉంటుంది, ఫొటోల్లో అందరికీ నచ్చేది అదే. కానీ అప్పటి నుంచి వానంతా నేరుగా రాయి మీదే పడుతోంది. మళ్ళీ పూత వేయాలా వద్దా అన్న వాదన గోవాలో ఇప్పటికీ నడుస్తోంది. మా ఓటు పూతకే. ఫ్రాన్సిస్ అసీసీ గోడ తెల్లగా, మామూలుగా కనబడుతుందంటే ఆ రాయి క్షేమంగా ఉందని అర్థం.

ప్రశ్న: బలిపీఠం మీద ఉన్నది నిజం బంగారమేనా? మా అబ్బాయి వేలితో గీకబోతే అక్కడి మనిషి కోప్పడ్డాడు. ఫ్లాష్ కూడా వద్దన్నాడు. అంత సున్నితమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

బంగారమే, కానీ మీరనుకున్నంత లేదు. కింద ఉన్నది చెక్క. చెక్కడం అయ్యాక దానికి జిగురు పట్టిస్తారు. తర్వాత సుద్ద పొడిని జంతువుల తోలు నుంచి తీసిన జిగురులో కలిపి పలచటి పొరలు పొరలుగా పూసి, నున్నగా రుద్దుతారు. దాని మీద మెత్తటి ఎర్రమట్టి పూత. బంగారానికి ఆ వెచ్చటి రంగు వెనకనున్న ఎర్రమట్టి నుంచి వస్తుంది. చివర తడి చేసి బంగారు రేకు పరిచి, నున్నటి రాతితో మెరుగు పెడతారు. ఆ రేకు మందం ఒక మైక్రానులో పదో వంతు, అటూ ఇటూగా. వెంట్రుకలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. గోరు తగిలితే బంగారం, ఎర్రమట్టి కలిసి లేస్తాయి, తెల్ల సుద్ద బయటపడుతుంది. తాకితే చాలు, చేతి చెమట, నూనె అక్కడ అంటుకుని దుమ్ముని పట్టేస్తాయి. దుమ్ము తుడవబోతే జిగురు తడిసి పొర కదులుతుంది.

గోవా గాలే దానికి పెద్ద శత్రువు. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. సుద్ద పొరకి ఆ సాగుడు లేదు, అందుకని చెక్క నరాల వెంట సన్నటి గీతలుగా లేచి పొలుసులు రాలతాయి. చెదలు వేరే. పక్క నుంచి వెలుగు పడే వేళ జాగ్రత్తగా చూస్తే మెరుపు మధ్యలో ఎర్రటి మచ్చలు కనబడతాయి. రేకు అరిగి మట్టి బయటపడ్డ చోట్లవి.

ఇక ఫ్లాష్. ఒక్క ఫ్లాష్‌తో ఏదీ పాడైపోదు. కానీ ఫొటో మాత్రం పాడవుతుంది. ఎదురుగా కొట్టిన వెలుగుకి బంగారు పూతంతా పసుపు రేకులా చదునుగా వస్తుంది, చెక్కడం లోతు పోతుంది. ఫ్లాష్ ఆపి, బల్ల అంచుకి ఫోన్ ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ముందస్తు అనుమతి లేకుండా స్టాండు పెట్టనివ్వరు. లోపలి బోర్డు మీద ఇంకేమైనా ఆంక్ష ఉంటే అదే చెల్లుతుంది.

ప్రశ్న: మాది పన్నెండు మంది గాయక బృందం. అలాంటి చర్చిలో ఒక్క పాటైనా పాడాలని కోరిక. మా చర్చిలో పాడినట్టే పాడొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. చెప్పాపెట్టకుండా మొదలుపెడితే ఆపేస్తారు, ఆపడమే న్యాయం కూడా. పక్కన కూర్చున్నవాళ్ళు మౌనం కోసం వచ్చి ఉంటారు.

మీ చర్చిలో పాడినట్టు పాడితే మాత్రం ముద్దయిపోతుంది. ఎత్తయిన వంపు కప్పు, సున్నపు గోడలు, రాతినేల, ఇవేవీ ధ్వనిని పీల్చుకోవు. ఒక స్వరం ఆగాక కూడా దాని తోక గాలిలో ఉంటుంది. ఆ తోక మీద తర్వాతి స్వరం వచ్చి పడుతుంది. మంద్ర స్వరాల తోక ఎక్కువసేపు ఉంటుంది, హల్లులు వెంటనే మునిగిపోతాయి. అంటే రాగం వినిపిస్తుంది, మాట వినిపించదు. డోలక్, కీబోర్డు బాస్ అక్కడ బొత్తిగా పనికిరావు.

వేగం మామూలు కన్నా బాగా తగ్గించండి. చరణం చివర తోక పూర్తిగా ఆగే దాకా ఆగి, అప్పుడు తర్వాతి చరణం ఎత్తుకోండి. పన్నెండు మందీ నాలుగు శ్రుతులుగా విడిపోవడం కన్నా ఒకే శ్రుతిలో కలిసి పాడితే నిండుగా ఉంటుంది. పదాంతంలో 'త', 'ద', 'క' లాంటి హల్లులు అందరూ ఒకేసారి పలకాలి. ఒక్కరు వెనకబడినా చిటపటమని వినిపిస్తుంది. జనం నిండితే ధ్వని మారిపోతుంది, ఒంటి మీది బట్టలు దాన్ని పీల్చేస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు సాధన చేసి, నిండినప్పుడు అదే వేగం పాడితే మరీ నత్తనడక అనిపిస్తుంది.

మఠం నడిచిన రోజుల్లో సన్యాసులు రాత్రీ పగలూ కలిపి ఎనిమిది ప్రార్థన వేళలు పాటించేవాళ్ళు. వాళ్ళ లాటిన్ గీతాలు ఒకే వరసలో, వాద్యం లేకుండా, సాగదీసి పాడేవి కావడానికీ ఇలాంటి గోడలకీ పొంతన బాగా కుదిరింది. పోర్చుగీసు ప్రభుత్వం మఠాలని రద్దు చేయడంతో 1835లో ఇక్కడి నుంచి సన్యాసులు వెళ్ళిపోయారు. అప్పటితో ఆ పాటా ఆగింది.

ప్రశ్న: లోపల కూర్చున్నప్పుడు పెద్ద గంట మోగింది. ఆ చర్చిదేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

గంభీరంగా, ఎక్కువసేపు మోగి ఉంటే సే కెథడ్రల్‌ది అయ్యుంటుంది. గోవాలో అన్నిటికన్నా పెద్ద గంట అక్కడిదే. దాన్ని 'బంగారు గంట' అంటారు, నాదాన్ని బట్టి వచ్చిన పేరది. కెథడ్రల్‌కి రెండు గంట బురుజులు ఉండేవి, ఒకటి 1776లో కూలిపోయింది. గంట మిగిలిన దాంట్లో ఉంది. ఫ్రాన్సిస్ అసీసీ లోపలి నుంచి వింటే గోడలు సన్నటి స్వరాలని ఆపేసి, మంద్రాన్నే లోపలికి వదులుతాయి. గంట మోగుతుండగా గుమ్మం బయటకు నడిచి చూడండి, అదే గంట వేరే గంటలా వినిపిస్తుంది.

ప్రశ్న: ఎప్పుడు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి? మఠంలోని మ్యూజియం ముందా, చర్చి ముందా?
– ఒక పాఠకుడు, నంద్యాల

మీకు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్ళి మీదుగా పోతుంది, మడగావ్‌లో దిగండి. అక్కడి నుంచి పాత గోవా సుమారు 35 కిలోమీటర్లు. పణజీలో బస ఉంటే సుమారు 10 కిలోమీటర్లే, కదంబ బస్టాండు నుంచి బస్సులు తరచుగా ఉంటాయి. కొంకణ్ రైలు మార్గంలో వచ్చేవాళ్ళకి కర్మలి స్టేషను దగ్గర.

నవంబరు 24 నుంచి డిసెంబరు 3 దాకా జేవియర్ నవదిన ప్రార్థనలు, పండగ. ఆ పది రోజులూ పాత గోవా కిక్కిరిసి ఉంటుంది. భక్తితో వెళ్ళేవాళ్ళకి అదే సమయం, నిశ్శబ్దం కోసం వెళ్ళేవాళ్ళకి కాదు. జనవరి నుంచి మార్చి దాకా వారం మధ్య రోజులు మేలు. జులైలో వెళితే వాసనలు, వాన చప్పుడు అదనం, కానీ బయటి ఎర్రరాతి బాట నాచుపట్టి జారుతుంది. రబ్బరు పట్టున్న చెప్పులు తప్పనిసరి.

చర్చి ముందు, మ్యూజియం తర్వాత. మ్యూజియంలో చదవాల్సిన చీటీలు ఎక్కువ. కళ్ళు ఒకసారి చదవడంలో పడితే చెవులు, ముక్కు పక్కకి తప్పుకుంటాయి. 1964లో మొదలైన ఈ మ్యూజియంలో అందరూ నిలబడి చూసేవి గోవాని జయించిన పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ కంచు విగ్రహం, పోర్చుగీసు గవర్నర్ల వరస చిత్రాలు. మీరు మాత్రం వీరగల్లులు, సతి రాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగండి. పోర్చుగీసు వాళ్ళు రాకముందు కదంబులు ఏలిన గోవా అది. రాయలసీమ ఊళ్ళలో పొలం గట్ల మీద అలాంటి రాళ్ళు చూసినవాళ్ళకి వాటిని పరిచయం చేయక్కర్లేదు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చర్చికి ఆ సెలవు వర్తించదు. రెండూ ఒకే రోజు కావాలంటే శుక్రవారం కాకుండా చూసుకుని టికెట్ బుక్ చేసుకోండి.